మూడు స్వరాల పట్టు: గోదావరి సీమలో గిటార్ తొలిపాఠం

గిటార్ మీద కార్డ్ అంటే కనీసం మూడు వేర్వేరు స్వరాలు ఒకేసారి పలకడం. షడ్జమం, గాంధారం, పంచమం కలిసి మోగితే అత్యంత సరళమైన కార్డ్ పుడుతుంది. గాంధారం అంతర గాంధారమైతే అది మేజర్, సాధారణ గాంధారమైతే మైనర్. మిగిలిన రెండు స్వరాలూ మారవు. మేజర్‌లో వినిపించే వెలుగూ, మైనర్‌లో తోచే దిగులూ ఆ ఒక్క గాంధారం నుంచే వస్తాయి. కాస్తో కూస్తో సంగీతం విన్న తెలుగు విద్యార్థికి ఈ తేడా చెవికి కొత్త కాదు, చేతికే కొత్త. అయినా చాలాచోట్ల కార్డ్‌ను చుక్కల బొమ్మగా, ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే పటంగా మాత్రమే నేర్పుతున్నారు. వేళ్లు ఆ పటాన్ని త్వరగానే కంఠతా పడతాయి కానీ, కొత్త పాట ఎదురైనప్పుడు ఏ కార్డ్ వేయాలో అవి చెప్పలేవు.

మెట్లున్న తంత్రీవాద్యం గోదావరి జిల్లాలకు పరాయిది కాదు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ పేరు చెప్పగానే గుర్తొచ్చే విద్వాంసులు. వీణకు ఇరవై నాలుగు మెట్లు, అంటే స్థాయికి పన్నెండు. గిటార్ మీదా అంతే. పన్నెండో మెట్టు దగ్గర తీగ పొడవు సరిగ్గా సగమై పైస్థాయి షడ్జమం పలుకుతుంది. ఒక మెట్టు జరిగితే ఒక స్వరస్థానం జరిగినట్టే. వీణ మెట్లను మైనం మీద నిలబెట్టి, చెవితో సరిచూస్తూ అమరుస్తారు. గిటార్ మెట్లు సమాన నిష్పత్తిలో లెక్క కట్టి బిగించినవి. అందుకే గిటార్ అంతర గాంధారం తంబురా శ్రుతిలో వినిపించే గాంధారం కంటే పిసరంత ఎక్కువగా ఉంటుంది. పన్నెండు శ్రుతుల్లోనూ ఒకే వాద్యం పనికిరావాలంటే ఆ సర్దుబాటు తప్పదు.

చెవితో మొదలుపెట్టి చేతికి రావడం ఎంత ఫలిస్తుందో ఈ ప్రాంతమే చూపించింది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో ఆ వాద్యం పట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గిటారిస్టు వాసూరావు 1976లో ఆ పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు కర్ణాటక సంగీతం నేర్పారు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని మెట్ల మీద వెతికి పట్టుకునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేకపోవడంతో ప్రతి సంగతికీ తన దారి తానే కనుక్కోవలసి వచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కు తొమ్మిదేళ్లు. అందరూ శ్రీనివాస్‌లు కాలేరు. అయితే ముందు పాడి, తర్వాత మీటే ఆ పద్ధతి మాత్రం గిటార్ పట్టే ఏ విద్యార్థికైనా పనికొస్తుంది.

శ్రుతి చేయడం నుంచే అది మొదలు కావాలి. గిటార్ ఆరు తీగలు లావు నుంచి సన్నానికి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. సన్నది ఒకటో తీగ, లావుది ఆరోది. ఏ తీగనైనా షడ్జమం అనుకుంటే దాని కింది సన్న తీగ శుద్ధ మధ్యమం అవుతుంది. మూడో తీగ నుంచి రెండో తీగకు మాత్రం అంతర గాంధారమే. ఫోన్‌లోని ట్యూనర్ యాప్ ఈ పని చిటికెలో చేస్తుంది. దాన్ని వాడుకోవడంలో తప్పులేదు కానీ, ప్రతిసారీ ‘సా–మా’ అని పాడుకుంటూ సరిచూసుకునే విద్యార్థికి నెల తిరిగేసరికి తీగ జారితే యాప్ చూడకుండానే తెలుస్తుంది.

తొలి కార్డ్‌గా ‘ఈ’ మైనర్‌ను మించింది లేదు. ఐదో తీగ రెండో మెట్టు మీద మధ్యవేలు, నాలుగో తీగ రెండో మెట్టు మీద ఉంగరపువేలు. మిగతా తీగలు ఖాళీగా మోగాలి. ‘ఈ’ స్వరమే షడ్జమం అనుకుని లావు తీగ నుంచి ఒక్కొక్కటే మీటితే వరసగా సా, పా, సా, గా, పా, సా వినిపిస్తాయి. అందులో ఉన్నది ఒకే ఒక్క గాంధారం, అదీ సాధారణ గాంధారం, మూడో తీగ మీద. ఇప్పుడు చూపుడువేలిని ఆ మూడో తీగ మొదటి మెట్టు మీద ఉంచితే అది అంతర గాంధారమై కార్డ్ ఈ మేజర్‌గా మారిపోతుంది. ఆ వేలిని ఎత్తుతూ, దించుతూ గొంతుతో రెండు గాంధారాలనూ పాడడం ఎన్ని పుస్తకాలు చదివినా దొరకని పాఠం. ఇదే మూడువేళ్ల పట్టును ఒక్కో తీగ కిందికి, అంటే సన్న తీగల వైపుకు జరిపి ఆరో తీగను వదిలేస్తే ఏ మైనర్ వస్తుంది.

తీగను మెట్టు మీద కాదు, మెట్టుకు సరిగ్గా వెనక, వేలి కొనతో నొక్కాలి. బొటనవేలు మెడ వెనక ఆసరాగా ఉంటుంది. వేలు వాలిపోయి పక్క తీగను తాకితే ఆ తీగ మూగబోతుంది. అందుకే కార్డ్ పట్టాక తీగలన్నీ విడివిడిగా మీటి వినాలి. మొదటి వారాల్లో వేళ్ల కొనలు మండుతాయి, తర్వాత కాయలు కాసి నొప్పి పోతుంది. సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు ఉక్కు తీగలకు తుప్పు తొందరగా పడుతుంది. తుప్పు పట్టిన తీగ వేలినీ కోస్తుంది, శ్రుతీ నిలవదు. వాయించాక పొడిగుడ్డతో తుడవడం ఆ ఊళ్లలో సాధనలో భాగమే.

తొలి కార్డ్‌లు పట్టుబడ్డాక, ఇంకా ఎన్ని తెలుసన్నదాని కంటే ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా వెళ్లాలన్నదే ముఖ్యం. సీ మేజర్ నుంచి ఏ మైనర్‌కు మారేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు కదలనక్కర్లేదు. ఉంగరపువేలు ఐదో తీగ మూడో మెట్టు వదిలి మూడో తీగ రెండో మెట్టుకు చేరితే చాలు. స్వరాల్లోనూ అంతే: సా–గా–పాలో సా, గా నిలిచి, పంచమం స్థానంలో ధైవతం వస్తుంది.

పాటకు అక్కరకొచ్చే సూత్రం ఒకటుంది. సా–గా–పా, మా–దా–సా, పా–నీ–రీ అనే మూడు కార్డ్‌లలో శంకరాభరణం ఏడు స్వరాలూ ఇమిడిపోతాయి. జీ షడ్జమంగా తీసుకుంటే అవి జీ, సీ, డీ. వీటికి దా–సా–గా, అంటే ఈ మైనర్ కలిస్తే నాలుగు. ఈ నాలుగింటితో పాడగలిగే లలిత గీతాలు, సినిమా పాటలు లెక్కలేనన్ని. హార్మోనియం వాడుకలో జీ అంటే ఐదు శ్రుతి, సీ ఒకటి. ఒకటి శ్రుతిలో పాడే గొంతుకు సీ, ఎఫ్, జీ కావాలి. ఎఫ్‌లో చూపుడువేలు మొదటి మెట్టు దగ్గర తీగలన్నిటినీ అడ్డంగా అదమాలి, కొత్తవాళ్లు చాలామంది గిటార్ మూలన పెట్టేది అక్కడే. ఐదో మెట్టు దగ్గర తీగలన్నిటినీ అదిమిపట్టే కేపో బిగించి జీ, సీ, డీ పట్లనే వేస్తే అదే ఒకటి శ్రుతి వస్తుంది. ఎఫ్‌ను కొన్నాళ్లు వాయిదా వేయవచ్చు.

కుడిచేతికి తాళమే గురువు. ఆదితాళపు ఎనిమిది అక్షరాలు నాలుగేసి చొప్పున రెండు భాగాలవుతాయి. ప్రతి భాగం తొలి అక్షరం మీద కిందికి గట్టిగా, మిగతావి తేలిగ్గా మీటితే తొలిపాఠానికి సరిపోతుంది. రూపకానికి మూడేసి. కార్డ్ మార్పు ఆలస్యమైనా కుడిచెయ్యి ఆగకూడదు.

డెల్టాలో ఈ విద్యకు పెద్ద ఆలవాలం చర్చి. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం పేర్లుంటాయి. గిటార్ నేర్చేవారికి అది అరుదైన సదుపాయం. రాగం శంకరాభరణమైతే పై మూడు కార్డ్‌లు సిద్ధం. పల్లవిలో గొంతు ఏ స్వరం మీద నిలుస్తుందో పాడి చూసి, ఆ స్వరమున్న కార్డ్‌ను అక్కడ పెట్టాలి. రెండు కార్డ్‌లు కుదిరితే చెవికి నచ్చినదే సరైనది.

అన్ని రాగాలూ ఇలా లొంగవు. సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళలోనే పంచమం మీద కార్డ్ కట్టబోతే శుద్ధ రిషభం వచ్చి పడి కర్కశంగా వినిపిస్తుంది. తోడిలో గాంధారం ఊగుతూనే ఉంటుంది. కదలని గాంధారాన్ని దాని కింద నిలబెడితే రాగం చెడుతుంది. వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వీణ నేర్చిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఆ ఊగు కోసమే 1970లలో తన శక్తి బృందానికి మెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిచిన గిటార్ చేయించుకున్నారు. తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో మాండలిన్ శ్రీనివాస్ పక్కన కూర్చుని వాయించారు. మామూలు గిటార్‌తో ఇలాంటి రాగానికి తోడు పోవలసి వస్తే గాంధారాన్ని వదిలేయడమే మేలు. ఆరో తీగ ఖాళీగా, ఐదు, నాలుగు తీగలు రెండో మెట్టు దగ్గర నొక్కి ఆ మూడే మీటితే సా–పా–సా మోగుతుంది, గాయకుడి గాంధారానికి ఏ అడ్డూ ఉండదు.