అంబటిపొద్దు

జమ్మలమడుగు రేగడి చేలల్లో, పులివెందుల మెట్టల్లో పొద్దు బారెడెక్కితే దానికొక పేరుండేది: అంబటిపొద్దు. నోటివాడుకలో అంబటేళ. "అంబటేళాయ, కాడి దించరా అబ్బీ" అని పెద్దాయన కేకేస్తే ఎద్దులకు నీళ్లు, మనిషికి అంబలి.

ఎంత నిండైన మాట! అంబలి అంబటి అయింది, నాగలి నాగటి అయినట్టు, రోకలి రోకటి అయినట్టు, వాకిలి వాకిటి అయినట్టు. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలంటారు. పేరు బరువైనదే గానీ ఆ వరుస చూడండి: దున్నేది, దంచేది, ఇంటి ముంగిలి, తాగేది. రైతింటి దినమంతా ఒక్క 'టి' మీద నడుస్తోంది. పలికి చూస్తే ఇంకా ముచ్చట. 'అంబ' దగ్గర పెదవులు మూసుకుని తెరుచుకుంటాయి, 'ట' దగ్గర నాలుక అంగిలికి తగులుతుంది. అచ్చం ఒక గుక్క మింగినట్టే.

ఆ గుక్కలో ఏముందంటే, రాత్రంతా నీళ్లలో పులిసిన జొన్నపిండి, లేదా రాగిపిండి. తెల్లారి ఉడికించి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉప్పేసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగాలి. ఆ సన్నని పులుపు గొంతు దిగాక కడుపులో చల్లగా పరుచుకుంటుంది. పోతన దశమస్కంధంలో గోపబాలురతో కృష్ణుడు చద్దులారగించే ఘట్టం నాకు ప్రాణం. కానీ అక్కడ తిండి ఆట. ఇక్కడ తిండే కాలం. ఇంటి నుంచి ఆడమనిషి తలమీద కుండ పెట్టుకుని గట్టు మీద కనబడిందంటే అదే గడియ.

ఇప్పుడు ఆ చోట్లో టిఫిన్ కూర్చుంది. దాని కథా రుచిగలదే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు మోటువాడుకలో టిఫింగ్ అంటే వేళగాని వేళ తినడం, తాగడం. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785 నిఘంటువులో ఉంది. 'టిఫ్' అంటే ఒక గుక్క మద్యం. మన దేశానికొచ్చిన దొరలు మధ్యాహ్నపు చిరుభోజనాన్ని టిఫిన్ అన్నారు. యూల్, బర్నెల్ 1886లో తమ హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోకి ఎక్కించారు. ఇంగ్లండులో ఆ మాట పాతబడింది. ప్రొద్దుటూరులో మాత్రం ఎర్రకారం దోసె పెనం దగ్గర పొద్దున్నే వినబడుతుంది. పుట్టుకలో రెండూ గుక్కలే. వేళ తప్పి తాగినదానికి అది పేరు, తాగే వేళకే ఇది పేరు. అందుకే నా మనసు అంబటిపొద్దు వైపే మొగ్గుతుంది.

ఎండాకాలం రోడ్డు పక్క బండ్ల మీద రాగంబలి మళ్లీ అమ్ముతున్నారు, ఏ గంటకైనా గ్లాసులో పోసిస్తారు. ప్రొద్దుటూరులో ఎవరైనా తమ బండికి 'అంబటిపొద్దు' అని పేరు రాయిస్తే తొలి గ్లాసు నాకే పోయమంటాను.