రక్తశుద్ధికి దారి యేది? ఒక మార్గదర్శక గ్రంథముపై విమర్శ

మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి యంత్రసహాయమున రక్తమును శుద్ధిచేయు పద్ధతిని హిమోడయాలిసిస్ అందురు. ఇందు యంత్రమెంత ముఖ్యమో, రక్తము శరీరమునుండి వెలికి వచ్చి తిరిగి లోనికి పోవు దారియు అంత ముఖ్యము. 1943లో నెదర్లాండ్సులో విలెమ్ కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. కాని ప్రతి పర్యాయము రక్తనాళమును క్రొత్తగా కోయవలసి వచ్చుటచే దీర్ఘరోగులకు అది అక్కరకు రాలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున స్క్రిబ్నర్ చేతికి టెఫ్లాన్ గొట్టమును అమర్చి ఆ చిక్కును కొంత తీర్చెను. 1966లో బ్రెషియా, సిమినో మొదలగువారు మణికట్టు వద్ద ధమనిని సిరతో కలుపు శస్త్రచికిత్సను ప్రకటించిరి. దీనినే ఫిస్టులా అందురు.

ఈ దారిని ఎన్నుకొను విధమును గూర్చి అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 1997 మొదలు మార్గదర్శక నిబంధనలను వెలువరించినది. వానిలో 2019 నాటి సవరణ 2020 ఏప్రిల్‌లో అచ్చయినది. దాని గుణదోషములను ఎంచుటకు ముందు ఫిస్టులా పనిచేయు తీరు తెలియవలెను.

ధమనిని సిరతో కలిపినచో రక్తము కేశనాళికలలో దూరకుండ నేరుగా సిరలోనికి పోవును. కేశనాళికల నిరోధము తప్పుటచే ప్రవాహము హెచ్చును. ఆ వేగమునకు, ఒత్తిడికి సిర వెడల్పయి, దాని గోడ దళసరియగును. దీనిని సిర పక్వమగుట అందురు. ఇందుకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. యంత్రము సాధారణముగ నిమిషమునకు 300 నుండి 400 మిల్లీలీటర్ల రక్తమును లాగును. కనుక సిరలో ప్రవాహము నిమిషమునకు 600 మిల్లీలీటర్లు, వ్యాసము 6 మిల్లీమీటర్లు ఉండవలెననియు, అది చర్మమునకు 6 మిల్లీమీటర్ల కన్న లోతున ఉండరాదనియు 2006 నాటి నిబంధనలు చెప్పినవి.

ఇంకను రెండు దారులు కలవు. ధమనికి, సిరకు నడుమ కృత్రిమ గొట్టమును చర్మముక్రింద కుట్టుట గ్రాఫ్ట్. ఇది సుమారు రెండు మూడు వారములలో వాడుకకు వచ్చును. కాని రక్తము గడ్డకట్టి మూసికొనుట ఎక్కువ. మెడలోని పెద్ద సిరలోనికి గొట్టమును చొప్పించుట కెథీటర్. ఇది వెంటనే పనికివచ్చును. కాని సూక్ష్మజీవులు రక్తములో చేరు ప్రమాదము అధికము.

ఈ లెక్కన ఫిస్టులాయే మేలని తోచుట సహజము. 2003లో అమెరికాలో 'ముందు ఫిస్టులా' అను ఉద్యమము మొదలైనది. 2006 నిబంధనలు 65 శాతమునకు మించిన రోగులకు ఫిస్టులా ఉండవలెనని లక్ష్యము నిర్ణయించినవి. సంఖ్య పెరిగినది. కాని 877 మందిపై జరిపిన పరిశోధన ఒకటి 2008లో వెలువడినది. అందు క్రొత్తగా కుట్టిన ఫిస్టులాలలో సుమారు 60 శాతము డయాలిసిస్‌కు తగినట్లు పక్వము కాలేదు. సిర పక్వమగునని ఎదురుచూచు రోగి అంతకాలము కెథీటర్‌తోనే గడపవలెను. ఏ కీడును తప్పింపదలచిరో అదియే చేరువైనది.

2019 సవరణ యొక్క గొప్ప గుణము ప్రశ్ననే మార్చుట. 'ఏ దారి శ్రేష్ఠము?' అని గాక, 'ఈ మనిషికి, ఈ దశలో, ఏది తగును? ఇది చెడినచో తరువాత ఏది?' అని అది అడుగును. ఇరువది అయిదేండ్ల యువకునికి మూత్రపిండ మార్పిడి జరుగవచ్చును. కొన్నేండ్లకు అదియు విఫలము కావచ్చును. అట్టివానికి మణికట్టువద్ద మొదలుపెట్టి పై చేతిని భవిష్యత్తునకు దాచవలెను. గుండెజబ్బుగల ఎనుబదియేండ్ల వృద్ధునికి ఆ లెక్క వేరు. రోగి కోరికయు ఈ నిర్ణయములో చేరవలెనని గ్రంథము చెప్పుట న్యాయము.

దోషములును కలవు. 65 శాతము అను అంకెను ఎవరైనను సరిచూడగలరు. 'తగినది' అను మాటను సరిచూచుట కష్టము. తొందరలో పెట్టిన కెథీటర్‌నుకూడ తగినదే అని సమర్థించుకొనవచ్చును. పెక్కు నిబంధనలకు ఆధారము ప్రయోగఫలితములు గాక నిపుణుల అభిప్రాయము మాత్రమే. ఆ సంగతిని గ్రంథము దాచకుండుట మాత్రము మెచ్చదగినది.

అన్నిటికన్న పెద్ద లోపము మరియొకటి. మూత్రపిండముల వడపోత ఆరోగ్యవంతులలో నిమిషమునకు సుమారు 100 మిల్లీలీటర్లు. అది 15–20కి దిగజారుచున్నప్పుడు రోగిని శస్త్రవైద్యునివద్దకు పంపవలెనని గ్రంథము చెప్పును. కాని అప్పటికే సూదులతో, సెలైన్ గొట్టములతో ముంజేతి సిరలు పాడై ఉండవచ్చును. సిరలను కాపాడవలెనని గ్రంథము చెప్పకపోలేదు. రక్తము తీయుటకు అరచేతి వెనుక సిరలు మేలనియు చెప్పినది. అయితే సూది గ్రుచ్చు నర్సు, లేబొరేటరీ ఉద్యోగి, చేయి చాచు రోగి ఆ నిపుణుల గ్రంథమును చదువరు. అమెరికాలోనే సుమారు 80 శాతము రోగులు కెథీటర్‌తో డయాలిసిస్ మొదలుపెట్టుచుండిరనుట ఈ దూరమునకు నిదర్శనము.

మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా పీడించుచున్న శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వంటి ప్రాంతములలో ఈ లోపము మరింత బాధించును. అచ్చటి గృహస్థునకు కావలసినది నూరు పుటలకు మించిన సంపుటము కాదు. 'మూత్రపిండజబ్బు ఉన్నదని ముందుగా చెప్పుము. ముంజేతి సిరను కాపాడుకొనుము' అను రెండు మాటలు చాలును. రక్తప్రసరణ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఈ రెండు మాటలను చేర్చినచో, గ్రంథము చేరలేని ఇంటికి దాని సారము చేరును.