ఎండల ఊళ్లో హీటర్

కారు హీటర్ బాగుచేయిస్తున్నానని నాందేడ్‌లో ఎవరికి చెప్పినా ముందు నవ్వు, ఆ తర్వాత ప్రశ్న. "మే నెలల రోడ్డే హీటర్ గద సార్, ఇంక బండిల ఒకటి దేనికి?" అన్నాడు మా వీధి కుర్రాడు. చమత్కారం బాగానే ఉంది. వేసవిలో ఇక్కడ 42 డిగ్రీలు దాటడం ఎవరికీ వింత కాదు. కానీ నా అంబాసిడర్ ఎండాకాలం వస్తే చాలు పొగలు కక్కుతూ రోడ్డు పక్కన ఆగడానికీ, దాని హీటర్‌ను ఎప్పుడో ఎవరో ఊడబీకడానికీ చుట్టరికం ఉంది.

ఈ కారు పుట్టిల్లు ఇంగ్లండ్. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి బండినే హిందుస్థాన్ మోటార్స్ 1957లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో అంబాసిడర్‌గా దించింది. 2014 మే దాకా అది అక్కడే తయారైంది. చలిదేశం కోసం గీసిన నీటి ఏర్పాటు అలాగే మన ఎండలోకి వచ్చింది. ఇక్కడి షెడ్లు దాన్ని తమకు తోచినట్టు సవరించాయి. సవరణ అంటే చాలా వరకు తీసేయడమే. హీటర్ తీసేసి రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేయడం, థర్మోస్టాట్ తీసేసి గాస్కెట్ మాత్రం వేసి బిగించడం, రేడియేటర్ మూత పోతే కొలతకు సరిపోయేది ఏదో ఒకటి పెట్టేయడం. నా బండిలో ఈ మూడూ జరిగాయి.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది థర్మోస్టాట్‌కు. బొటనవేలంత మైనపు గుళిక ఉన్న చిన్న వాల్వ్ అది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్‌కు వెళ్లే దారి మూసి ఉంచుతుంది. నీరు 82 డిగ్రీల దగ్గరికి వచ్చాక మైనం కరిగి వ్యాకోచిస్తుంది, దారి తెరుచుకుంటుంది. "అది చలిదేశాల సామాను, మనకు పనికిరాదు" అనే మాట నేను వినని షెడ్డు లేదు. డిసెంబరు తెల్లవారుజామున నాందేడ్‌లో బండి తీసి చూడండి. థర్మోస్టాట్ లేని ఇంజన్ మైళ్ల తరబడి వెచ్చబడదు. ఆయిల్ చిక్కగానే ఉంటుంది, పెట్రోలు పూర్తిగా మండక సిలిండర్ గోడల మీది నూనెను కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. వేసవిలో ఈ నష్టం కనబడదు కాబట్టి తీసేయడమే మేలు చేసిందనిపిస్తుంది. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకుపోయి కూర్చుంటే, నేరం మాత్రం ఈ వాల్వ్ మీదికి నెట్టారు. వాల్వ్ నిజంగా పాడైందో లేదో తేల్చడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వాల్వ్‌ను వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచితే ఎప్పుడు తెరుచుకుంటుందో కళ్లారా చూడొచ్చు. ఆ గిన్నె తిరిగి వంటకు వాడొద్దు, అంతే.

రేడియేటర్ కోసం పాత ఊళ్లో టంకం పనిచేసే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ఇలాంటి దుకాణాలు తగ్గిపోతున్నాయి. ఇప్పటి కార్ల రేడియేటర్లు అల్యూమినియం, ప్లాస్టిక్‌లతో వస్తున్నాయి, పోతే మార్చడమే. పాతవి ఇత్తడి ట్యాంకులు, రాగి రెక్కలు. మంట చూపితే టంకం కరిగి పై ట్యాంకు మూతలా లేచి వస్తుంది. లోపల సన్నటి గొట్టాలు వరుసగా కనబడతాయి. వాటిలో సగానికి పైగా తెల్లటి పెచ్చుతో పూడిపోయి ఉన్నాయి. గీజర్ రాడ్ మీద కట్టే సున్నమే అది. ఉస్తాద్ పలుచని ఇనుప బద్దను ఒక్కో గొట్టంలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తూ దాన్ని రాల్చాడు. తొందర పనికిరాదు, గొట్టం చీలితే మొదటికే మోసం. మధ్యలో తలెత్తి అడిగాడు.

"సాబ్, నీళ్లు ఏడివి పోస్తరు?"

"బోరు నీళ్లే."

"గట్లయితే ఏడాది తిరిగేలోపల మళ్ల నా తానకే వస్తరు."

నాందేడ్ కూర్చున్నది దక్కను నల్లరాతి మీద. ఆ పగుళ్లలోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. ఇంజన్ వేడికి అవి గొట్టాల గోడలకు అంటుకుని గట్టిపడతాయి. రేడియేటర్ నీరు తగ్గినప్పుడల్లా దాబా ముందరి డ్రమ్ములోంచి చెంబు ముంచి పోసినవాళ్లం మనం. పోసిన ప్రతిసారీ కాస్త సున్నం లోపలే మిగిలిపోయింది.

ట్యాంకును తిరిగి టంకం పెట్టాక నోళ్లు మూసి, గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ కారుతున్నట్టు. హీటర్ కోర్‌కూ అదే పరీక్ష. అది కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ నుంచి ఒక పైపు వేడినీటిని అందులోకి తెస్తుంది, మరొకటి వెనక్కి తీసుకుపోతుంది, మధ్యలో చిన్న ఫ్యాను గాలిని దాని మీదుగా లోపలికి ఊదుతుంది. బండిలో కాళ్ల దగ్గర కార్పెట్ తడిసినా, అద్దం మీద లోపలివైపు జిడ్డు పొర పట్టినా, తియ్యటి వాసన వచ్చినా కోర్ కారుతోందన్న మాట. నా కోర్ ఎప్పుడో పోయింది, పాత సామాన్ల దుకాణంలో దొరికినదాన్ని తెచ్చి కడిగించి బిగించాం.

ఎండల ఊళ్లో దీని పనేమిటన్న కుర్రాడికి జవాబు మాహూర్ ఘాట్ చెబుతుంది. రేణుకాదేవి గుడికి మన తెలుగువాళ్లూ చాలామంది వెళ్తారు. నిండా జనంతో రెండో గేరులో ఎక్కుతుంటే ఇంజన్ మీద బరువెక్కువ, బండి వేగం తక్కువ, ముందునుంచి వచ్చే గాలి ఇంకా తక్కువ. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు జరిగినప్పుడు హీటర్ పూర్తిగా తెరిచి, ఫ్యాను పెట్టి, అద్దాలు దించితే ఆ చిన్న కోర్ కొంత వేడిని లాగి బయట పారేస్తుంది. చెమటలు పడతాయి, నిజమే. హెడ్ గాస్కెట్ ఎగిరిపోతే పట్టేవి అంతకంటే ఎక్కువ. ఇక వానాకాలంలో ఏసీ లేని బండికి ముందు అద్దం లోపల మంచులా పట్టే తేమను ఆరబెట్టడానికి హీటర్‌ను మించింది లేదు. జేబురుమాలుతో తుడుస్తూ దెగ్లూర్ రోడ్డు మీద లారీలను తప్పించుకుని నడిపినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

మూత సంగతి చిన్నదిగా కనబడుతుంది. నాందేడ్ సముద్రమట్టానికి సుమారు 360 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీరు 99 డిగ్రీల లోపే మరుగుతుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని నిలిపే మూత బిగిస్తే అదే నీరు దాదాపు 110 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగు సడలిన మూతతో ఆ పదకొండు డిగ్రీలూ పోయినట్టే. ఘాట్ మీద మనకు కావలసింది సరిగ్గా ఆ పదకొండు డిగ్రీలే.

అన్నీ బిగించాక నీళ్లు నింపడం కూడా ఒక పనే. హీటర్ వాల్వ్ తెరిచి ఉంచి, చల్లని ఇంజన్‌లో మెల్లగా పోసి, మూత పెట్టకుండానే స్టార్ట్ చేసి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆగాలి. లోపల చిక్కిన గాలి బుడబుడమంటూ పైకొస్తుంది, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. గాలి మిగిలితే ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. దాని గుండు నీటిలో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది, నీరు దిగిపోయి ఆవిరి మిగిలితే ఇంజన్ కాలిపోతున్నా ముల్లు చల్లగా నిలబడుతుంది. బండి వేడెక్కి ఆగినవాళ్లు చాలామంది "ముల్లు నార్మల్‌గానే ఉండె" అనడానికి కారణం ఇదే.

మీ ఇంటి షెడ్డులో పాత అంబాసిడరో పద్మినియో ఉంటే ఎండలు ముదరకముందే, ఇంజన్ పూర్తిగా చల్లారిన పొద్దున మూత తెరిచి నీటి రంగు చూడండి. ఎర్రగా ఉంటే తుప్పు, తెల్ల పెచ్చులుంటే సున్నం. రెంటికీ రేడియేటర్ ఉస్తాద్ ఉన్నాడు, ఆయన దుకాణం మూతపడకముందే వెళ్లండి. నింపేటప్పుడు బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్, అందులో కూలెంట్ కలపండి. తీసిన పాత కూలెంట్‌ను మాత్రం వీధిలో వదలొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.