నోటరీ బల్ల, నోటరీ తెర

నాగార్జునసాగర్ రోడ్డు మీద బొంగుళూరు గేటు దాటితే ఇబ్రహీంపట్నం దాకా రెండు పక్కలా ప్లాట్ల వెంచర్లే. ఆదిబట్లకు ఐటీ, విమాన విడిభాగాల సంస్థలు వచ్చాయి. 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు తెరిచారు. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువును నమ్ముకుని సేద్యం చేసిన ప్రాంతంలో ఇప్పుడు భూమిని గజాల్లో లెక్కపెడుతున్నారు. ఆ గజాలు కొన్నవాళ్లలో డాలస్‌లో, న్యూజెర్సీలో, వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఉన్నారు. ప్లాటు అమ్మాలన్నా, తోడబుట్టినవాళ్లతో పంపకం రాసుకోవాలన్నా వాళ్లు స్వయంగా రావాలి. రాలేకపోతే ఇక్కడున్న అన్నకో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపాలి. పరాయి దేశంలో రాసిన ఆ జీపీఏకు అక్కడి నోటరీ ధ్రువీకరణో, మన కాన్సులేటు ధ్రువీకరణో ఉండాలి.

నోటరీ చేయించడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి మనకు అలవాటైన బల్ల: కోర్టు దగ్గరో రిజిస్ట్రాఫీసు దగ్గరో కూర్చునే నోటరీ వకీలు, రిజిస్టరు, గుండ్రటి ముద్ర. రెండోది తెర: అమెరికాలో ఒకరు తన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుంటే, మరో ఊళ్లో ఉన్న నోటరీ వీడియోలో చూసి డిజిటల్ ముద్ర వేస్తారు. బల్ల పాతది గనుక గట్టిదని ఒక వర్గం, తెర కొత్తది గనుక మేలైనదని ఇంకో వర్గం వాదిస్తున్నాయి. ఈ కొలతలు రెండూ సరిపోవు. ఏ నోటరీ అయినా మూడు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలగాలి. సంతకం పెట్టింది ఎవరు? ఇష్టపడి పెట్టారా? ఇరవై ఏళ్ల తర్వాత తగాదా వస్తే ఈ రెండు సంగతులూ రుజువు చేయగలమా?

ముందు రెండు పద్ధతులూ ఎలా నడుస్తాయో చూద్దాం. మన నోటరీల వ్యవస్థకు ఆధారం 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నియమాలు. సాధారణంగా పదేళ్లు వకాలత్ చేసినవారిని ప్రభుత్వం నోటరీగా నియమిస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలవారికి ఏడేళ్లు చాలు. పత్రం మీద సంతకాన్ని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించడం, నకలు సరైనదేనని చెప్పడం వాళ్ల పని. చేసిన ప్రతి పనినీ రిజిస్టర్లో ఎక్కించాలి.

తెర పద్ధతికి తొలిసారి చట్టం చేసిన రాష్ట్రం వర్జీనియా. 2011లో చట్టమై, 2012 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2018లో టెక్సస్ ఆ దారి పట్టింది. 2020లో కోవిడ్ వచ్చి మనుషులు ఒకరినొకరు కలవలేని పరిస్థితి ఏర్పడ్డాక మరెన్నో రాష్ట్రాలు వేగంగా తోడయ్యాయి. పని ఇలా సాగుతుంది. సంతకం చేయాల్సిన వ్యక్తి పత్రాన్ని అప్‌లోడ్ చేస్తారు. డ్రైవింగ్ లైసెన్సునో పాస్‌పోర్టునో కెమెరాకు చూపిస్తే, అది అసలైనదా కాదా అని సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది. తర్వాత ఆ వ్యక్తి పాత చిరునామాలు, అప్పుల రికార్డుల నుంచి ప్రశ్నలు వస్తాయి. సాధారణంగా అయిదు ప్రశ్నలు, రెండు నిమిషాల గడువు, నాలుగింటికైనా సరైన జవాబు చెప్పాలి. అది దాటాక నోటరీ వీడియోలో కనిపించి మాట్లాడతారు. ఇద్దరూ ఎలక్ట్రానిక్ సంతకాలు పెడతారు. ఆ తర్వాత పత్రంలో ఒక్క అక్షరం మారినా బయటపడేలా డిజిటల్ సర్టిఫికెట్ దాన్ని బిగిస్తుంది. మొత్తం సంభాషణ రికార్డవుతుంది. వర్జీనియా, టెక్సస్ చట్టాల ప్రకారం దాన్ని కనీసం అయిదేళ్లు దాచాలి.

ఇక మొదటి ప్రశ్న: సంతకం పెట్టింది ఎవరు? సిద్ధాంతంలో బల్లదే పైచేయి. మనిషి ఎదుటే ఉంటాడు, ముఖం చూడవచ్చు, ఆధార్ అడగవచ్చు, ఊరివాళ్లయితే నలుగురూ ఎరుగుదురు. ఆచరణలో మాత్రం ఈ బలం కరిగిపోతోంది. సంతకాలు ముందే పెట్టిన కాగితాలు ఎవరో మధ్యవర్తి తెచ్చి ఇస్తే, మనిషిని చూడకుండానే ముద్ర వేసే అలవాటు మన సమాజంలో ఉంది. అప్పుడు ఎదుట నిలబడటమనే ఒకే ఒక్క ఆధిక్యం కూడా పోతుంది. తెర దగ్గర ఆ అడ్డదారి కుదరదు. ముఖం కనిపించకపోతే పని ముందుకు కదలదు. కానీ తెరకు వేరే బలహీనత ఉంది. ఆ ప్రశ్నలు అమెరికా అప్పుల చరిత్ర మీద నిలబడ్డవి. నిన్నగాక మొన్న వెళ్లిన విద్యార్థికి, మనవడిని చూడటానికి వెళ్లిన అమ్మకు ఆ చరిత్రే ఉండదు. పైగా ఆ సమాచారం రహస్యమూ కాదు: 2017లో ఈక్విఫ్యాక్స్ సంస్థ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. జవాబులు దొంగకూ తెలిసినప్పుడు పరీక్షకు విలువ తగ్గుతుంది.

రెండో ప్రశ్న: ఇష్టపడి పెట్టారా? మన కుటుంబాల్లో ఇదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న. వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అందుకే ఇక్కడ భూమి అమ్మకమన్నా పంపకమన్నా ఆడపడుచు సంతకం కావాలి. అమెరికాలో ఉన్న చెల్లెలికి అర్ధరాత్రి ఫోన్ చేసి, "సంతకం పెట్టమ్మా, వివరాలు తర్వాత మాట్లాడుకుందాం" అనడం చాలా ఇళ్లలో జరిగే మాట. వీడియోలో నోటరీకి ఆమె ముఖం కనిపిస్తుంది, కెమెరా వెనక నిలబడి తొందరపెట్టే మనిషి కనిపించడు. బల్ల దగ్గర ఆ మనిషి కనిపిస్తాడు. "మీరు బయట కూర్చోండి, ఆమెతో మాట్లాడాలి" అని నోటరీ అనవచ్చు. ఆ మాట అనేవారు ఎందరున్నారన్నది వేరే సంగతి, అనే వీలు మాత్రం బల్లకే ఉంది. ఈ ప్రశ్న వరకు నేను బల్ల పక్షం.

మూడో ప్రశ్న రుజువుది. ఇక్కడ తెర స్పష్టంగా గెలుస్తుంది. బల్ల దగ్గర మిగిలేది రిజిస్టర్లో ఒక వరుస. ఆ నోటరీ గతించినా, పుస్తకానికి చెదలు పట్టినా ఆధారం పోయినట్టే. తెర దగ్గర ముఖం, గొంతు, సమయం, చూపించిన గుర్తింపు కార్డు, అక్షరం మారలేదన్న సాక్ష్యం అన్నీ నిలుస్తాయి. అయితే అయిదేళ్ల నిల్వ మన భూమి తగాదాలకు చాలదు. తాత రాసిన కాగితం మీద మనవలు కోర్టుకెక్కే చోట రికార్డు తరాల పాటు ఉండాలి.

రుజువు ఎందుకంత ముఖ్యమో 1970లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జుగ్‌రాజ్ సింగ్, జస్వంత్ సింగ్ కేసులో కాలిఫోర్నియాలో నోటరీ ఎదుట రాసిన పవర్ ఆఫ్ అటార్నీ విచారణకు వచ్చింది. విదేశీ నోటరీ ముద్రకూ మన దేశంలో విలువ ఉందని కోర్టు అంగీకరించింది. కానీ మొదటి పత్రంలో, సంతకం చేసిన వ్యక్తి ఫలానా అని తాను నిర్ధారించుకున్నట్టు నోటరీ రాయలేదు. ఆ లోపాన్ని సరిదిద్దిన రెండో పత్రమే నిలబడింది. ముద్ర ఉన్నా, మనిషిని గుర్తించానన్న మాట లేకపోవడం లోపమైంది.

మరి వర్జీనియా తెర మీద ముద్ర పడ్డ జీపీఏ ఇబ్రహీంపట్నం సబ్ రిజిస్ట్రార్ ముందుకొస్తే? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషనుకు పనికొచ్చే పవర్ ఆఫ్ అటార్నీని దేశంలో ఉన్నవారు రిజిస్ట్రార్ లేదా సబ్ రిజిస్ట్రార్ ఎదుటే రాసివ్వాలి. బల్ల నోటరీ చాలదు. విదేశంలో ఉన్నవారు అక్కడి నోటరీ, కోర్టు లేదా భారత కాన్సులేటు ఎదుట రాసివ్వవచ్చు. "ఎదుట" అన్నప్పుడు ఆ చట్టం రాసినవారి మనసులో తెర లేదు. అంతకన్నా పెద్ద అడ్డు 2000 నాటి ఐటీ చట్టం. ఆ చట్టం తన మొదటి షెడ్యూల్లో పవర్ ఆఫ్ అటార్నీని ఎలక్ట్రానిక్ పత్రాల పరిధి నుంచి తప్పించింది. 2022 సెప్టెంబరు 26 నాటి నోటిఫికేషన్ స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలను ఆ మినహాయింపు జాబితాలోంచి తీసేసింది. పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో మాత్రం రిజర్వు బ్యాంకు, సెబీ వంటి సంస్థల అజమాయిషీలో ఉన్నవాటికి ఇచ్చేవాటికే సడలింపు ఇచ్చింది. అంటే బ్యాంకుకు ఇచ్చే జీపీఏ ఎలక్ట్రానిక్‌గా ఉండవచ్చు, అన్నకు ఇచ్చేది సిరా సంతకంతోనే ఉండాలి. ప్రవాస తెలుగువారికి ఎక్కువగా అవసరమయ్యే పత్రానికే తెర దారి మూసి ఉంది.

బల్ల ముద్రకు మితిమీరిన విలువ ఇచ్చినందుకు మనం చెల్లించిన మూల్యమూ తక్కువేం కాదు. రిజిస్ట్రేషను లేకుండా నోటరీ కాగితం మీదే ఇళ్లు, స్థలాలు చేతులు మారాయి. 2023 జూలైలో తెలంగాణ ప్రభుత్వం పట్టణ ప్రాంతాల్లోని అలాంటి ఆస్తుల క్రమబద్ధీకరణకు జీవో 84 ఇవ్వాల్సి వచ్చిందంటే అలవాటు ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది. జీపీఏతో అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

మూడు ప్రశ్నలకూ జవాబు ఇచ్చే చోటు మన దగ్గరే మరొకటి ఉంది: సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. 2001 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలోకి వచ్చిన 32ఏ సెక్షన్ ప్రకారం దస్తావేజు మీద ఫొటో, వేలిముద్ర తప్పనిసరి. రాసిచ్చినట్టు ఆ వ్యక్తి అధికారి ముందు ఒప్పుకోవాలి. రికార్డు ప్రభుత్వం చేతిలో శాశ్వతంగా ఉంటుంది. దాని లోటు ఒక్కటే, మనిషి అక్కడికి వెళ్లి తీరాలి. ఆ లోటు తీర్చగలిగేది తెర.

కాబట్టి నా తీర్పు ఇది. రుజువులో తెర మేలు, ఇష్టాన్ని తెలుసుకోవడంలో బల్ల మేలు, మనిషిని గుర్తించడంలో సబ్ రిజిస్ట్రార్ మేలు. అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు నప్పదు. వీడియోను, రికార్డును అక్కడి నుంచి తీసుకుని, గుర్తింపు బాధ్యతను మన కాన్సులేట్ అధికారికి, సబ్ రిజిస్ట్రార్‌కు అప్పగించాలి. సంతకందారుతో అధికారి ఒంటరిగా, తెలుగులో మాట్లాడాలి. ఆ రికార్డు దస్తావేజుతో పాటు శాశ్వతంగా ఉండాలి. ఆన్‌లైన్ రిజిస్ట్రేషనుకు వీలు కల్పించే ముసాయిదా బిల్లును కేంద్రం 2025 మేలో ప్రజల ముందుంచింది. ఈ అంశాలు అందులో చేర్చమని తెలంగాణ అడగాలి. 1998లోనే కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్లను కంప్యూటరు ఎక్కించిన నేల మనది, ఇది మనకు అసాధ్యమేమీ కాదు.

అప్పటిదాకా, ఇబ్రహీంపట్నంలో ప్లాటున్న ప్రవాస పాఠకులకు ఒక విన్నపం. జీపీఏ అమెరికాలో రాస్తే నోటరీ ఎదుటికి స్వయంగా వెళ్లి సిరాతో సంతకం పెట్టండి. పాస్‌పోర్టు చూసి మిమ్మల్ని గుర్తించినట్టు నోటరీ చేత రాయించండి. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) గానీ, కాన్సులేట్ ధ్రువీకరణ గానీ తీసుకోండి. సర్వాధికారాలు రాసివ్వకుండా ఏ ప్లాటు, ఏ పని అన్నది స్పష్టంగా రాయండి. పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించండి. అన్నిటికన్నా ముందు, చదవకుండా సంతకం పెట్టకండి.