హతురాలు లేని హత్య: నేరన్యాయ బోధనలో ‘కన్యాశుల్కం’

కీలకపదాలు: కన్యాశుల్కం, గురజాడ, నేరన్యాయం, సాక్ష్యం, బోధన, పరిశోధన పద్ధతి.

1. ప్రవేశిక

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహితతో పాటు మరి రెండు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. విశ్వవిద్యాలయాల న్యాయశాస్త్ర, నేరశాస్త్ర విభాగాలు పాఠ్యప్రణాళికలను మార్చుకోవలసి వచ్చింది. అయితే సెక్షన్ల సంఖ్యలు మారినంత మాత్రాన అధ్యయన పద్ధతి మారదు. ‘కేసు’ జరిగిన సంఘటనకు ప్రతిబింబమా, లేక కొందరు కట్టిన కథనమా అన్నది ఈ అధ్యయనానికి మూలప్రశ్న. దానిని బోధించడానికి గురజాడ ‘కన్యాశుల్కం’ (రెండవ కూర్పు, 1909) సమర్థమైన పాఠమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంఘటన - కేసు

కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగడతాడు. పెళ్లయ్యాక శిష్యుడు వేషం విడిచి తప్పుకొంటాడు. కనిపించని పెళ్లికూతురును లుబ్ధావధాన్లే చంపాడన్న అభియోగం పుడుతుంది. హతురాలు ఎన్నడూ లేదు. హత్య కేసు మాత్రం ఉంది. ప్రేక్షకునికి సంఘటన తెలుసు, ఆరోపణ కూడా తెలుసు. పరిశోధకునికి ఈ సౌలభ్యం ఉండదు. అతని చేతికి అందేవి ప్రథమ సమాచార నివేదిక, అభియోగపత్రం, తీర్పు. 1953 సంవత్సరంతో మొదలైన ‘క్రైమ్ ఇన్ ఇండియా’ గణాంకాలు సైతం నమోదైన నేరాలవే. నమోదుకు ముందు ఏం జరిగిందో ఆ పట్టికలు చెప్పలేవు.

3. నేరం కాని అన్యాయం

తరగతి గదిలో ఈ కేసును కథ ముగింపుకు పనికొచ్చే ఉపాయంగా చెప్పి వదిలేయడం పరిపాటి. అంతకన్నా లోతైన వ్యంగ్యం ఇందులో ఉంది. ముసలివాడు ఆడపిల్లను సొమ్మిచ్చి పెళ్లాడడం ఆనాటి చట్టం దృష్టిలో నేరం కాదు; చేయని హత్య అతణ్ని నిందితుణ్ని చేసింది. చట్టం పట్టించుకోని ఈ హానికి లెక్క కూడా ఉంది. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితాలో మూడేళ్లకు 1034 శుల్కవివాహాలు నమోదైనట్లు గురజాడ తొలికూర్పు ఆంగ్లపీఠికలో పేర్కొన్నారు. నేరంగా నమోదు కాని హానిని ఎలా లెక్కించాలన్న ప్రశ్నకు ఇది తెలుగునేల నుండి దొరికే ఉదాహరణ.

4. పరిష్కారం - పరిమితి

నాటకంలోని పరిష్కారాన్ని యథాతథంగా మెచ్చుకోలేం. లుబ్ధావధాన్లును కాపాడింది దర్యాప్తు కాదు. పురుషవేషంలో సౌజన్యారావును కలిసిన మధురవాణి చెప్పిన నిజం. ఒక వేశ్య తెలివి, ఒక వకీలు నిజాయితీ కలిసిరాకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న మిగిలే ఉంది. 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో సుమారు 76 శాతం మంది విచారణ ఖైదీలు. వారందరూ నిర్దోషులని దీని అర్థం కాదు. నేరం రుజువు కాకముందే నిర్బంధంలో ఉన్నారని అర్థం. ప్రతి నిందితునికీ ఒక మధురవాణి దొరకదు. అందువల్ల నాటకం జవాబివ్వని చోటే బోధన మొదలు కావాలి.

5. ముగింపు

న్యాయశాస్త్ర, తెలుగు విభాగాలు కలిసి ఈ పాఠాన్ని బోధించవచ్చు. విద్యార్థులు నాటక సంఘటనల ఆధారంగా ఫిర్యాదు, సాక్షుల వాంగ్మూలాలు, అభియోగపత్రం రాసి, వాటిని అసలు జరిగిన దానితో పోల్చాలి. సాక్షి తన మాండలికంలో చెప్పిన మాట దస్త్రంలోకి ఎక్కేటప్పుడు ఏం పోయింది, ఏం చేరింది, ఎవరి గొంతు మిగిలింది అని పరిశీలించాలి. భాషాభేదాలను, కథకుని దృష్టికోణాన్ని గుర్తించడం తెలుగు పరిశోధకులకు నిత్యసాధన. ఆ నైపుణ్యాన్ని పోలీసు, న్యాయస్థాన పత్రాల అధ్యయనానికి విస్తరింపజేయడం నేటి అవసరం; ఎందుకంటే ఆ పత్రాల్లోని ఒక్కొక్క వాక్యం మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడి ఉంటుంది.