ముడి విప్పని కథ

హంతకుడెవరో చివరిదాకా దాచిపెడితేనే కథలో ఉత్కంఠ నిలుస్తుందని చాలామంది నమ్మకం. సుసాన్ గ్లాస్పెల్ 1917లో రాసిన ‘ఎ జ్యూరీ ఆఫ్ హర్ పియర్స్’ చదివాక ఆ కొలబద్ద చాలదనిపించింది నాకు. ఇందులో చంపిందెవరో సగం కథకే మనకు అర్థమైపోతుంది. అయినా చివరిదాకా ఊపిరి బిగబట్టి చదువుతాం. ఎందుకని?

విసిరేసినట్టున్న ఒక పల్లెటూరి ఇల్లు. జాన్ రైట్ నిద్రలోనే మెడకు తాడు బిగిసి చనిపోయాడు. భార్య మిన్నీ జైల్లో ఉంది. షెరీఫ్, ప్రభుత్వ న్యాయవాది, పొరుగు రైతు హత్యకు కారణం వెతుకుతూ మేడమీదికీ కొట్టంలోకీ తిరుగుతుంటారు. మిన్నీకి బట్టలు తీసుకెళ్లడానికొచ్చిన షెరీఫ్ భార్య మిసెస్ పీటర్స్, రైతు భార్య మార్తా హేల్ వంటింట్లో ఉండిపోతారు. గ్లాస్పెల్ మనల్నీ అక్కడే ఉంచేస్తుంది. పైనుంచి మగవాళ్ల అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంటుంది.

సగం తుడిచి వదిలేసిన బల్ల. డబ్బాలోకి సగమే పోసిన పంచదార. బొంతలో ఒక్క ముక్క మీద మాత్రం గజిబిజి కుట్లు. తలుపు విరిగిన ఖాళీ పంజరం. చివరికి ఓ చిన్న పెట్టెలో, పట్టుగుడ్డలో చుట్టి, మెడ విరిచేసిన పిట్ట.

పరిశోధన రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు ఆ బల్ల దగ్గర నేను ఆగనేలేదు. పో, కోనన్ డాయల్ కథలు నేర్పినట్టు తాళాలు, కిటికీలు, అడుగుజాడల కోసం వెతుక్కున్నాను. అంటే షెరీఫ్‌లాగే చదివాను. రోజూ నా చేతుల మీదుగా జరిగే పనిని పుస్తకంలో గుర్తుపట్టలేకపోయాను. సాహిత్యంలో డాక్టరేటు దాకా వెళ్లిన చదువు నాకు నేర్పింది అదీ!

పో 1844లో రాసిన ‘ది పర్లాయిన్డ్ లెటర్’లోనూ రహస్యం కళ్లెదుటే ఉంటుంది. దాన్ని చూడ్డానికి డ్యూపాన్ లాంటి అసాధారణ మేధావి కావాలి. ఇక్కడ ఆ మేధావి అక్కర్లేదు. పని తెలిసిన మనిషికి ఆగిపోయిన పని కనిపిస్తుంది, అంతే. అనెట్ కొలోడ్నీ 1980లో ఈ కథనే ఉదాహరణగా తీసుకుని, చదవడం కూడా జెండర్‌ను బట్టి నేర్చుకునే విద్యేనని వాదించింది. అది పుట్టుకతో వచ్చే చూపు కాదనడానికి నా మొదటి పఠనమే సాక్ష్యం.

పిట్ట దొరికాక ప్రశ్న మారిపోతుంది. మిన్నీ ఏం చేసిందన్నది కాదు, ఈ ఇద్దరూ ఏం చేస్తారన్నది. మిసెస్ పీటర్స్ చట్టానికి భార్య. కానీ చిన్నప్పుడు తన పిల్లికూనను ఓ కుర్రాడు గొడ్డలితో చంపినప్పటి కోపం ఆమెకింకా గుర్తుంది. దగ్గర్లోనే ఉండి కూడా ఇన్నేళ్లూ మిన్నీని చూడ్డానికి రాలేదన్న నేరభావం మార్తాది. మగవాళ్లు తిరిగొచ్చే వేళకి పెట్టె మిసెస్ పీటర్స్ సంచిలో పట్టదు. నాకు తెలిసి ఉత్కంఠ అంటే ఆ క్షణమే.

ఈ కథ వెనక నిజమైన కేసు ఉంది. 1900 డిసెంబరులో అయోవాలో జాన్ హోసాక్ అనే రైతు గొడ్డలి దెబ్బలకు చనిపోయాడు. భార్య మార్గరెట్ మీద జరిగిన విచారణ గురించి పత్రికకు వార్తలు రాసింది గ్లాస్పెల్. 1901లో అందరూ మగవాళ్లే ఉన్న జ్యూరీ మార్గరెట్‌ను దోషి అంది. పై కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1903లో రెండో జ్యూరీ ఏ తీర్పూ చెప్పలేకపోయింది. కోర్టులో ఆడవాళ్లకు దొరకని ఆ స్థానాన్ని గ్లాస్పెల్ వంటింట్లో కల్పించింది.

మరి హత్య మాటేమిటి? చనిపోయినవాడి తరఫున కథలో ఎవరూ మాట్లాడరు. ఆ ఇబ్బంది నాకిప్పటికీ ఉంది. కానీ మిన్నీ తరఫున ఇన్నేళ్లూ ఎవరు మాట్లాడారన్న ప్రశ్న దాని పక్కనే నిలబడుతుంది.

మిన్నీ బొంతను ఎలా పూర్తి చేసేదని చివర్లో న్యాయవాది వేళాకోళంగా అడుగుతాడు. ముడి వేసేదంటుంది మార్తా, చెయ్యి కోటు జేబులోని పిట్ట మీద ఉంచి. ముడి విప్పడమే కథ పని అని చదువుకున్నదాన్ని. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ముడి వేసిన చోట ఆగే కథ ఇది.