నీరు తప్పుపట్టని పని

బేతంచెర్ల మీదుగా వెళ్లేవాళ్లకు ఊరికన్నా ముందు బండలు కనపడతాయి. కోసిన నాపబండలు అంచు మీద నిలబెట్టి వరుసలుగా పేర్చి ఉంటాయి. కోత మిషన్ల రొద వినిపిస్తుంది, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి రాతిపొడి కలిసిన నీళ్లు తెల్లగా పారుతుంటాయి. ఇంట్లో నేల, గోడలో అలమారా అర, వాకిట్లో అరుగు, చేను చుట్టూ కంచె, అన్నీ ఈ బండతోనే. ఇంతగా వాడుకలో కలిసిపోయిన రాయి దగ్గర ఆగి చూసేవాళ్లు తక్కువ. నంద్యాల సీమలో రాతిపని చూడాలని వచ్చేవాళ్లను నేను మొదట ఈ బండను చూడమంటాను, ఆ తర్వాత మహానంది కోనేటిని. బండను చదును చేసింది నీరు. కోనేటి దగ్గర మాత్రం ఆ చదునును మనిషే సాధించాడు.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు లోతు తక్కువైన సముద్రం. కోట్ల ఏళ్ల కిందట ఆ నీటి అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడి నాపరాయి అయింది. భూగర్భ శాస్త్రంలో కర్నూలు సముదాయం అని పిలిచే ఈ రాళ్లను విలియం కింగ్ 1872లో విపులంగా వర్ణించాడు. వీటిలో ఒక్కో పొరకూ మన ఊళ్ల పేర్లే ఉన్నాయి: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల బెలుం గుహలు కూడా ఇలాంటి సున్నపురాతిని నీరు కరిగించి తొలిచినవే. బేతంచెర్ల పక్కన బిల్లసర్గం గుహలూ అంతే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో అక్కడ తవ్వకాలు జరిపాడు.

నిశ్చలమైన నీటి అడుగున చేరిన బురద కాబట్టి పొరలు చదునుగా పడ్డాయి. క్వారీలో పనివాడి నేర్పు ఆ పొరను గుర్తించడంలోనే ఉంటుంది. ఇప్పుడు పై గీతలు మిషన్ కోస్తుంది. అయినా బండను లేపేది పొర దగ్గరే. పూర్వం ఉలి, సమ్మెట, గడ్డపారతోనే పని. పొర అంచున సన్నగా సందు చేసి, అక్కడక్కడా ఉలులు దిగ్గొట్టి, అన్నిటి మీదా కొద్దికొద్దిగా సమంగా దెబ్బ వేస్తూ వస్తారు. ఒక్కచోట గట్టిగా కొడితే బండ అడ్డంగా విరుగుతుంది. దెబ్బకు వచ్చే చప్పుడు మారితే పొర విడుతున్నట్టు. అప్పుడు గడ్డపార దూర్చి లేపుతారు. బలం ఎంత వాడాలో కన్నా ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో కష్టం.

ఈ కంటితోనే మహానంది వెళ్లాలి. నంద్యాలకు దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో, నల్లమల పాదాన ఉంది గుడి. గర్భాలయ శిఖరం బాదామి చాళుక్యుల తీరులో ఉంటుంది, చుట్టూ ఉన్న కట్టడాల్లో విజయనగరపు పనితీరు కనిపిస్తుంది. లింగం దగ్గర పుట్టే ఊట లోపలి కోనేటిలోకి చేరుతుంది. ఆ కోనేరు దాదాపు 60 అడుగుల చదరం, నడుమ ఒక మండపం. నీటి లోతు ఐదడుగులు. ఎండాకాలమైనా వానాకాలమైనా ఆ లోతు మారదు. అడుగున గుండుసూది పడినా కనపడుతుందని చెప్పుకుంటారు.

భక్తులు ఊట మహిమ చెబుతారు. నాకు మేస్త్రీ మహిమ కూడా కనపడుతుంది. ఐదడుగుల లోతున 60 అడుగుల చదరమంటే 18,000 ఘనపుటడుగులు, లీటర్లలో ఐదు లక్షల పైమాటే. ఊట ఆగదు కాబట్టి వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోవాలి. పోయే దారి ఇరుకైతే నీరు పైకెక్కుతుంది, పల్లంగా ఉంటే లోతు తగ్గుతుంది. ఐదడుగులు నిలిపేది తూము ఎత్తు, వానలకు ఊట పెరిగినా మట్టం పెరగకుండా చూసేది దాని వెడల్పు. తలుపు లేదు, తిప్పే చక్రం లేదు, కాపలా మనిషి లేడు. రాతిలో ఒకసారి తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ అమలవుతూనే ఉంది.

ఇక అంచులు చూడండి. ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర రసమట్టం, మూలమట్టం, నీళ్లు నింపిన సన్నటి గొట్టం ఉంటాయి. పని అయ్యాక అవన్నీ సంచిలోకి పోతాయి, తప్పు ఉన్నా గచ్చు కింద దాగిపోతుంది. కోనేటిలో ఆ దాపరికం కుదరదు. 60 అడుగుల పొడవులో రాళ్ల వరుస ఒక అంగుళం వంగితే, ఆ వైపు రాయి నీటి మీద ఒక అంగుళం ఎక్కువ తేలుతుంది. చూసినవాడికి వెంటనే తెలిసిపోతుంది. నాలుగు వైపులా, మధ్య మండపపు స్తంభాల మీద కూడా నీటి గీత ఒకే వరుసను తాకాలి. పరీక్షించేదే నీరు అయినప్పుడు మేస్త్రీకి మినహాయింపు దొరకదు.

కోనేళ్లన్నీ ఇలా ఉండవు. హంపీ రాజప్రాంగణంలోని మెట్ల కోనేరు లోతుగా ఐదు అంతస్తులుగా దిగుతుంది. దానికి నీరు రాతి కాలువల మీదుగా వచ్చేది కాబట్టి మట్టం ఎక్కడ ఉన్నా చేతికి అందేలా అన్ని మెట్లు. ఆ నల్లరాళ్ల మీద ఏ దిక్కు, ఏ వరుస, ఎన్నో రాయి అన్న గుర్తులు చెక్కి ఉన్నాయి. అంటే రాళ్లను ముందే కొలతకు తయారుచేసి, తెచ్చి కూర్చారు. లిస్బన్ రేవులోని ప్రాసా దు కొమెర్సియు చౌకంలోనూ మెట్లు నదిలోకి దిగుతాయి. 1755 భూకంపం తర్వాత మూడు వైపులా భవనాలతో మళ్లీ కట్టిన ఆ చౌకానికి నాలుగో వైపు తేజో నదే. సముద్రపు పోటుకు అక్కడి కింది మెట్లు మునుగుతాయి, ఆటుకు తేలతాయి. మారే నీటికి మెట్లు కావాలి. మహానందిలో నీరు మారదు కాబట్టి మెట్ల ఆర్భాటం అక్కర్లేదు. పెద్దవాళ్లు నిలబడి తల ముంచుకునేంత లోతు చాలు. అవసరానికి మించి ఒక్క వరుస కూడా కట్టకపోవడమే నాకు ఇందులో గొప్పగా తోస్తుంది.

ఇక్కడికి దగ్గరలోనే ఆళ్లగడ్డ. అక్కడి శిల్పుల చేతి విగ్రహాలకు దేశమంతా పేరుంది, భౌగోళిక సూచిక గుర్తింపు కూడా దక్కింది. విగ్రహం ముందు నిలబడితే ఎవరి కళ్లయినా ముక్కు తీరు మీదా నగల చెక్కడం మీదా నిలుస్తాయి. బోసి రాతిని తిన్నగా కూర్చిన పనికి ఆ మెప్పు రాదు. కానీ ఆ పని నేటికీ ఆగలేదు. లోపలి కోనేరు దాటిన నీరు వాకిట్లోని విష్ణుగుండం, బ్రహ్మగుండం నింపి, ఊరి చుట్టూ సుమారు 2,000 ఎకరాల వరి మళ్లు, తోటలు తడుపుతుంది.

అందుకే ఇలాంటి చోట మరమ్మతు అన్నప్పుడు ముందుగా కొలవాల్సింది తూము ఎత్తు. పాత నేల మీద కొత్త బండ పరిచి రెండంగుళాలు లేపడం నేడు చిన్న పని. బేతంచెర్ల నుంచి ఒక లారీ బండలు చాలు. ఆ రెండంగుళాలు తూము దగ్గర పెరిగితే మాత్రం కోనేటి లోతూ, ప్రాంగణపు వాలూ, కింది గుండాలకు పారే నీటి లెక్కా అన్నీ మారతాయి. బండ పరిచే మేస్త్రీకి గజాల లెక్కన కూలి ఇవ్వండి, కానీ పని మొదలుపెట్టే ముందు నీటి గీత ఎక్కడుందో ఆయన చేతే గుర్తు పెట్టించండి.